అంగడి నుంచి పత్తిచేను దాకా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాజహితం కోరి మార్కెటింగ్ సంస్థ పెట్టేవారి బాట ఎలా వుంటుందో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని ఆదేశించారు. ఎందుకంటే మన పిల్లల్లో బి.కాం., ఎం.బి.ఏ. చదివినవారు పెరిగారు. వారిలో కొందరికి ఒకరి కింద నౌకరీ చేయడం కంటే సొంతంగా ఒక సంస్థ నడపాలని వుంది. నాలుగు రూపాయలు సంపాదించాలి, నలుగురికీ మేలు జరగాలి, ఈ రెండూ ఒకే పనిలో కుదురుతాయా అన్నది వారి ప్రశ్న. మంచి ప్రశ్న. దీనికి నీతులు చెప్పి జవాబివ్వడం సులువు. మేము నీతుల జోలికి పోకుండా, మన మధ్యనే, మన హైదరాబాదులోనే జరిగిన ఒక పనిని మీ ముందు పెడతాం. అందులో మీకు పనికివచ్చేది మీరే ఏరుకోండి.

మార్కెటింగ్ అనగానే మనకు గోడల మీది రంగుల బోర్డులు, టీవీలో వచ్చే పాటలు గుర్తొస్తాయి. అది ఆ పనిలో ఒక ముక్క. అసలు పని చాలా పాతది. ఒకచోట వస్తువు చేసేవాడు వున్నాడు. ఇంకొకచోట అది అవసరమైనవాడు వున్నాడు. వీరిద్దరి నడుమ వున్న దూరాన్ని దాటించడమే మార్కెటింగ్. ఆ దూరంలో బండి ఖర్చు వుంది, దుకాణం అద్దె వుంది, అప్పు వుంది, వడ్డీ వుంది, అమ్ముడుపోక మిగిలిపోయే సరుకు వుంది. వీటిని ఎవరు మోస్తారు? ఆ మోసినందుకు ఎవరికెంత దక్కుతుంది? సమాజహితం అన్నది తేలేది అక్కడే.

మన పెద్దలు ఒక సామెత చెబుతారు: అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. అమ్ముకోవడానికి పోతే అడిగే నాథుడు లేడు, కొనడానికి పోతే ధర చెయ్యి కాలుస్తుంది. చేనేతవారి బతుకంతా ఈ నాలుగు మాటల్లో వుంది. నూలు కొనేటప్పుడు కొరివి, బట్ట అమ్మేటప్పుడు అడవి.

చేనేత మాట మన సభలో ఎందుకు అని ఎవరైనా అనవచ్చు. ఈ సభలో వున్న కుటుంబాల్లో దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అని పేర్లున్నవారు ఎందరో. పేర్లు వేరైనా పని ఒక్కటే, దూది ఏకడం. గింజ తీసిన దూదిని విల్లు నారితో కొట్టి, పోగు పోగుగా విప్పి, మట్టీ చెత్తా రాల్చి, మెత్తగా చేసి ఇస్తేగాని రాట్నం మీద నూలు దిగేది కాదు. అంటే రైతుకూ, నూలు వడికే ఇల్లాలికీ, నేసేవాడికీ నడుమ మన తాతలు నిలబడి వుండేవారు. నూలు వడకడం మిల్లులకు పోయాక ఆ గొలుసులోంచి వారు జారిపోయారు. మిగిలింది పరుపులు, దిండ్లు, రజాయిల పని. ఆ తరువాత ఫోము పరుపులు వచ్చి అదీ సన్నగిల్లింది. ఎవరి తప్పూ లేకుండా, పనిలో లోపం లేకుండా, ఒక వృత్తి మొత్తం బజారు దారి మారినందువల్ల కూలిపోగలదని మన ఇళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాం.

దస్త్‌కార్ అనే సంస్థ 1981లో ఢిల్లీలో పుట్టింది. లైలా త్యాబ్జీ గారు, మరి ఐదుగురు మహిళలు కలిసి స్థాపించారు. లైలా గారికి 2012లో పద్మశ్రీ వచ్చింది. దస్త్‌కార్ అంటే చేతిపనివాడని మీకు తెలుసు. చేతిపనివారిని పట్నానికి తీసుకొచ్చి, బజారు పెట్టి, కొనేవారి ఎదుట నేరుగా కూర్చోబెట్టడం ఆ సంస్థ ఎంచుకున్న పద్ధతి. సంస్థ వారు జాలి చూపించి కొనమని ఎవరినీ అడగలేదు. సరుకు బాగుంటేనే కొనండి, దాన్ని బాగు చేయించే పూచీ మాది అన్నట్లుగా నడిపారు.

ఆ పని మన తెలుగునాట సాగించినవారిలో హైదరాబాదుకు చెందిన ఉజ్రమ్మ గారు ముఖ్యులు. 1989 నుంచి ఆమె నూలుబట్టల చేనేత రంగంలో పనిచేస్తూ వచ్చారు. దస్త్‌కార్ ఆంధ్ర 1995లో విడిగా ఒక ట్రస్టు అయింది. అమ్మకాల పనికి తరువాత దస్త్‌కార్ ఆంధ్ర మార్కెటింగ్ అసోసియేషన్ అనే విభాగం ఏర్పడింది. హైదరాబాదులో ‘దారం’ అనే పేరుతో దుకాణం వెలిసింది. ఆ పైన ఉజ్రమ్మ గారి పూనికతో మల్ఖా అనే బట్ట, దాన్ని అమ్మడానికి మల్ఖా మార్కెటింగ్ ట్రస్టు వచ్చాయి. ఈ పేర్లన్నీ ఒకదాని తరువాత ఒకటి ఎందుకు వచ్చాయో చూస్తే మనకు పాఠం దొరుకుతుంది. అంగడిలో మొదలైన పని మెట్టు మెట్టుగా వెనక్కి నడిచింది. అంగడి నుంచి మగ్గానికి, మగ్గం నుంచి రంగుకు, రంగు నుంచి నూలుకు, నూలు నుంచి పత్తిచేనుకు చేరింది.

మొదటి మెట్టు అంగడి. ఆనాటి పరిస్థితి కొంచెం తెలుసుకోవాలి. నేతగాళ్లలో కొందరు సహకార సంఘాల్లో వుండేవారు, ఎక్కువమంది మాస్టర్ వీవర్ల కింద కూలికి నేసేవారు. సంఘాల బట్ట ఆప్కో కొనేది. 1976లో కేంద్రప్రభుత్వం జనతా బట్టల పథకం పెట్టింది. పేదలకు చౌకగా చీరలు, ధోవతులు అందాలి, నేతగాడికి చేతినిండా పని దొరకాలి అన్నది వుద్దేశం. వుద్దేశం మంచిదే. కాని ఏళ్ల తరబడి ఒకే రకం ముతక బట్ట నేసిన చెయ్యికి కొత్తది నేసే అలవాటు తప్పుతుంది. కొనేవాడు ఒక్క ప్రభుత్వమే అయినప్పుడు, కొనుగోలు ఆగిన రోజున మగ్గం ఆగుతుంది. 1990లలో ఆ పథకం మూతపడింది.

అలాంటి చోట అమ్మిపెట్టే సంస్థ ఏం చేయాలి? ఒక లెక్క ఊహించుకుందాం. ఇది మాటవరసకు చెబుతున్న లెక్క, ఎవరి ఖాతాలోదీ కాదు. ఒక చీర దుకాణంలో 1,000 రూపాయలకు అమ్ముడుపోయింది. నూలుకూ రంగుకూ 300, ఆసు పోసి, కండెలు చుట్టి, గంజి పెట్టి, నేసినందుకు ఇంటిల్లిపాదికీ కలిపి 300 అనుకోండి. మిగిలిన 400లో రవాణా, అద్దె, గుమాస్తా జీతం, వడ్డీ, లాభం వున్నాయి. ఇందులో అన్యాయం ఎక్కడుంది అని వర్తకుడు అడిగితే, వెంటనే జవాబు చెప్పలేం. ఆయన ఖర్చులు నిజమే. కాని పది చీరల్లో రెండు అమ్ముడుపోలేదు. ఆ రెంటినీ ‘ఇవి తీసుకుపో’ అని నేతగాడికి వెనక్కి ఇచ్చేస్తే, ఆ 400 దేనికి తీసుకున్నట్టు? బజారులో నష్టభయాన్ని మోసేవాడికే లాభంలో వాటా ధర్మం. భయాన్ని కింది వాడికి నెట్టేసి లాభాన్ని తన దగ్గర వుంచుకునేవాడు ఎంత అందమైన బోర్డు పెట్టుకున్నా అది సమాజహితం కాదు.

కనుక ఇలాంటి సంస్థ మొదట చేయవలసిన పని, సరుకును ఖరీదుకే తీసుకోవడం, డబ్బు ఆలస్యం చేయకపోవడం. రెండోది, పండుగ పెళ్లిళ్ల రోజుల్లోనే కాకుండా ఏడాది పొడుగునా పని వుండేట్టు ఆర్డర్లు సర్దడం. వానాకాలంలో గుంటమగ్గంలోకి నీరు చేరుతుంది, పడుగు ఆరదు, అప్పుడే అప్పు పుడుతుంది. మూడోది, పట్నంలో ఏ రంగు, ఏ అంచు, ఎంత పన్నా అడుగుతున్నారో ఆ కబురు మగ్గం దాకా చేర్చడం. నాలుగోది, నేతగాడి పనితనం విలువ కొనేవాడికి తెలియజెప్పడం. ప్రకటన అనే ముక్క ఈ నాలుగో దానిలో వస్తుంది. చూశారా, మనం మొట్టమొదట అనుకునేది వరసలో ఆఖరున వున్నది.

రెండో మెట్టు రంగు. ఆదిలాబాదు జిల్లా చెన్నూరులో, ఇప్పుడది మంచిర్యాల జిల్లాలో వుంది, అక్కడి నేతవారితో సహజ రంగుల పని సాగింది. మిల్లు బట్టతో ధరలో పోటీ పడితే చేనేత గెలవదు. మిల్లు చేయలేని పని ఏదో అది చేయాలి. అందుకు రంగు ఒక మార్గం. మన తీరప్రాంతం ఒకప్పుడు రంగులద్దిన నూలుబట్టకు లోకమంతా పేరు పొందింది. మచిలీపట్నం ఓడరేవు నుంచి ఇరాన్ దాకా ఆ బట్ట పోయేది. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, కరక్కాయ పసుపు, పటిక పెట్టి రంగు పట్టించడం, ఇవన్నీ ఇక్కడి చేతుల్లో వున్న విద్యలే. 1897లో జర్మనీ కంపెనీ ఒకటి కృత్రిమ నీలిని బజారులో పెట్టాక నీలిమందు సాగు కూలిపోయింది. దానితోపాటు నీలి తొట్టి నడిపే విద్యా సన్నగిల్లింది.

నీలిమందు నీటిలో కరగదు. తొట్టిలో సున్నం, బెల్లం లాంటివి వేసి పులియబెడితే ఆకుపచ్చ పసుపుగా మారి కరుగుతుంది. నూలు చిలపను ముంచి పైకి తీస్తే గాలి తగిలి కళ్లెదుటే నీలంగా మారుతుంది. పులుపు తప్పితే తొట్టి చచ్చిపోయిందంటారు. అందుకని అద్దకపువాడు వాసన చూసి, నురుగు చూసి తెలుసుకుంటాడు. ఈ నేర్పు పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. దీన్ని మళ్లీ నేర్పించి, ఎండకూ వుతుకుకూ నిలిచే రంగు దించడానికి ఓపిక కావాలి, చెడిపోయిన చిలపల ఖర్చు ఎవరో పెట్టుకోవాలి. మామూలు వర్తకుడు ఆ ఖర్చు పెట్టడు, ఎందుకంటే నేర్చుకున్నవాడు రేపు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. మనం చెప్పుకునే తరహా సంస్థకూ మామూలు వర్తకానికీ తేడా ఇక్కడ కనబడుతుంది. నేర్పిన విద్య తన గుత్తగా వుండిపోవాలని అది కోరకూడదు.

మూడో మెట్టు నూలు. ఎంత బాగా అమ్మిపెట్టినా నూలు ధర చేతిలో లేకపోతే ఏమవుతుందో 1991లో తెలిసివచ్చింది. ఆ ఏడు నూలు ధరలు విపరీతంగా పెరిగాయి. ప్రకాశం, గుంటూరు జిల్లాల నేతవాడల్లో ఆకలిచావులు సంభవించాయి. పత్రికలన్నీ రాశాయి. బట్ట నేసేవాడు ఒంటికి బట్టా, కడుపుకు కూడూ లేక పోవడం కంటే ఘోరం ఏముంటుంది?

నూలు సంగతి కొంచెం వివరంగా చెబుతాం. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని తూగుతాయో అదే ఆ నూలు నంబరు. నలభై తూగితే 40వ నంబరు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. మరమగ్గానికి కోను మీద చుట్టిన నూలు కావాలి, చేనేతకు చిలపగా కట్టిన నూలు కావాలి. మిల్లులకు కోను కట్టడమే లాభం. అందుకని మిల్లులు ఇంత వంతు నూలు చిలపలుగా కట్టి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఒకప్పుడు అది 50 శాతం, తరువాత 40, 2019లో 30కి తగ్గింది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు చేనేత బట్ట మీదా 5 శాతం పన్ను పడింది. 1985లో కొన్ని రకాల బట్టలు చేనేతకే ప్రత్యేకించి చట్టం వచ్చింది. మొదట 22 రకాలనుకున్నది తరువాత 11 అయింది. ఇవన్నీ నేతగాడి చేతిలో లేని సంగతులు. ఢిల్లీలో గీసిన గీతకు చీరాలలో పొయ్యి ఆరిపోతుంది.

2019–20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో నేత పనిలోనూ, అనుబంధ పనుల్లోనూ వున్నవారు 35 లక్షల పైచిలుకు. వారిలో సుమారు 72 శాతం స్త్రీలు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఇళ్లకు నెలకు 5,000 రూపాయలు కూడా రావడం లేదని ఆ గణనలో తేలింది. అంగడి దగ్గరే ఆగిపోతే ఈ లెక్క మారదు.

నాలుగో మెట్టు పత్తి. ఇక్కడికి వచ్చేసరికి ఉజ్రమ్మ గారి పని మన తాతల పనిని తాకుతుంది. ఆమె, ఆమె సహచరులు వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది. మన పల్లెలో పత్తి పండుతోంది, అదే జిల్లాలో మగ్గం వుంది. ఈ పత్తి వందల మైళ్లు పోయి, నూలై, మళ్లీ వందల మైళ్లు తిరిగి పక్క ఊరి మగ్గానికి ఎందుకు రావాలి?

దానికి జవాబు చరిత్రలో వుంది. గింజ తీసిన దూదిని జిన్నింగ్ మిల్లులో గట్టిగా అదిమి బేళ్లుగా కడతారు. మన దేశంలో బేలు బరువు సుమారు 170 కిలోలు. ఆ అదమడం దూది మంచికోసం పుట్టింది కాదు. ఇంగ్లండు మిల్లులకు సముద్రం మీద పంపేటప్పుడు ఓడలో చోటు కలిసిరావాలని పుట్టింది. మిల్లుకు చేరాక రాయిలా గట్టిపడిన దూదిని మళ్లీ యంత్రాలతో చీల్చి, కొట్టి, గాలి వూది విప్పాలి. ఈ అదమడంలో, విప్పడంలో పోగుకు సహజంగా వున్న సాగుడుగుణం, మెత్తదనం తగ్గుతాయి. పైగా ఆ మిల్లు యంత్రాలు పొడుగుపోగు అమెరికా పత్తికి సరిపడేట్టు తయారైనవి. మన దేశవాళీ పొట్టిపోగు పత్తి వాటికి నప్పలేదు. కనుక యంత్రాన్ని మార్చకుండా పత్తినే మార్చారు. 19వ శతాబ్దంలోనే అమెరికా గింజలు తెప్పించి నాటించారు. నేడు మన చేలల్లో పండేది దాదాపు అంతా ఆ జాతి సంకరాలే. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. నీటికి, మందులకు, గింజలకు రైతు పెట్టే అప్పు మీకు కొత్తగా చెప్పనక్కరలేదు.

మల్ఖా ఆలోచన ఇక్కడ పుట్టింది. మల్‌మల్, ఖాదీ అనే రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. బేలు కట్టకుండానే, పత్తి పండేచోటనే చిన్న యంత్రాలు పెట్టి, గింజ తీసిన దూదిని మెత్తగా వుండగానే ఏకి, వడికి, ఆ నూలును చేనేత మగ్గానికి ఇవ్వాలి. చెన్నైకి చెందిన ఇంజనీరు ఎల్. కన్నన్ గారు చిన్న యంత్రాల రూపకల్పనలో పనిచేశారు. షాద్‌నగర్ దగ్గర బూర్గుల గ్రామంలో ఒక కేంద్రం నడిచింది. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారి ఇంటిపేరు ఆ వూరిదే. ఈ పద్ధతిలో దిగిన నూలుతో నేసిన బట్ట చెమట పీల్చుకుంటుంది, రంగు బాగా పట్టుకుంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. కొన్నవారు మళ్లీ కొనడానికి అదే కారణం. చూడండి, దూదిని నలగకుండా ఏకడం మన తాతలకు తెలిసిన విద్యే. దాని విలువ ఒక ఇంజనీరూ, ఒక హైదరాబాదు మహిళా తిరిగి కనిపెట్టి యంత్రంలో పెట్టవలసి వచ్చింది.

పత్తి చరిత్ర మీద ఉజ్రమ్మ గారు, పాత్రికేయురాలు మీనా మీనన్ గారు కలిసి రాసిన ఇంగ్లీషు పుస్తకం 2017లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్సు ద్వారా వెలువడింది. బట్ట అమ్మబోయినవారు చరిత్ర పుస్తకం దాకా ఎందుకు పోవలసి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే వుంటుంది.

ఇంతవరకు మంచి చెప్పాం. ఇబ్బందులు చెప్పకపోతే యువకులను తప్పుదారి పట్టించినట్టవుతుంది.

మొదటి ఇబ్బంది ధర. ఇలా తయారైన బట్ట చౌక కాదు. కొనేవారు ఎక్కువగా పట్నంలో చదువుకున్నవారు, చేతిలో నాలుగు డబ్బులున్నవారు. నేసినవాడి భార్య మిల్లు చీర కట్టుకుంటుంది. ఇది చూసి, ‘షావుకార్ల ముచ్చట కోసం పేదవాడు నేస్తున్నాడు, ఇందులో సమాజహితం ఏముంది?’ అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. మా అభిప్రాయం చెబుతాం. చౌకబట్ట చౌకగా వుండడానికి ఎవరో ఒకరు తక్కువ తింటున్నారు. ఆ భారం ఎవరి మీద పడుతోందో దుకాణంలో కనబడదు. సరైన కూలి ఇచ్చి ధర చెబితే అది ఎక్కువగా కనబడుతుంది. అలాగని పేదవాడు కట్టలేని బట్టతో పని పూర్తయిందని అనుకోకూడదు. ధర తగ్గించే దారి యంత్రంలో, రవాణాలో, మధ్య ఖర్చుల్లో వెతకాలి గాని కూలిలో వెతకకూడదు. ఆ వెతుకులాట ఇంకా పూర్తి కాలేదు.

రెండోది పరిమాణం. లక్షలాది మగ్గాలున్న దేశంలో ఇలాంటి కేంద్రాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టదగినవి. చిన్న యంత్రానికి విడిభాగం దొరకడం కష్టం, పల్లెలో కరెంటు పోతే ఏకు తెగుతుంది. నూలు తెగితే నేతగాడి పొద్దు పోతుంది. మిల్లు నూలంత ఒకే తీరుగా వుండదు గనుక నేసేవాడు కొత్తగా అలవాటు పడాలి. ఈ పనిలోకి వచ్చేవారు రెండేళ్లలో మేడ కట్టే ఆలోచన పెట్టుకుంటే రావద్దని చెబుతాం.

మూడోది, ఒకే అంగడిని నమ్ముకునే ప్రమాదం. చీరాల తేలియా రుమాళ్లు మీరు వినే వుంటారు. ఆముదపు కాయల బూడిదనీరు, నూనె పట్టించి, పోగులు కట్టి ఎర్రగా నల్లగా అద్ది నేసిన చతురస్రపు రుమాళ్లు. అరబ్బు దేశాలకూ, తూర్పు ఆఫ్రికాకూ ఓడల్లో పోయేవి. అక్కడివారు తలకు చుట్టుకునేవారు. ఆ దూరపు అంగడి తగ్గిపోగానే ఇక్కడ ఆ నేత దాదాపు ఆగిపోయింది. నల్లగొండ వైపు పుట్టపాకలో కొన్ని కుటుంబాలు నిలబెట్టాయి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రం నకిలీని అడ్డుకోవడానికి పనికివస్తుంది గాని, ఆర్డరు తెచ్చిపెట్టదు. ఆర్డరు తేవడానికి మనిషి కావాలి. ఆ మనిషి మీలో ఒకరు కావచ్చు.

ఇప్పుడు మన ఇంటి మాట. మన పాతబస్తీలో మగ్గం వర్కు, కార్చోబీ పని చేసే ఆడబిడ్డలు ఎందరో వున్నారు. లాడ్‌బజారులో లక్కగాజులు చేసే చేతులున్నాయి. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజు పెళ్లికూతురి చేతికి ఎంత ధరకు చేరుతోంది, కొలిమి ముందు కూర్చుని లక్క వంచినవారికి ఎంత ముడుతోంది అని ఎవరైనా ఒక కాగితం మీద రాశారా? మార్కెటింగ్ సంస్థ పెట్టదలచిన పిల్లలు మొదట బోర్డు రాయించకండి. ఆ కాగితం రాయండి.

ఆ కాగితంలో ఐదు ప్రశ్నలకు జవాబులుండాలి. ఒకటి, అమ్మకం ధరలో చేసినవారి చేతికి ఎంత చేరుతోంది? రెండు, డబ్బు ఎన్నాళ్లకు చేరుతోంది? మూడు, అమ్ముడుపోని సరుకు ఎవరి ఇంట్లో పడివుంటోంది? నాలుగు, ముడిసరుకు ఎవరి దగ్గర, ఏ షరతు మీద కొంటున్నారు? ఐదు, మీరు రేపు దుకాణం మూస్తే వారు ఇంకొక చోట అమ్ముకోగలరా? మొదటి నాలుగూ న్యాయానికి సంబంధించినవి. ఐదోది మీ నిజాయితీకి పరీక్ష. మీరు లేకపోతే బతకలేని స్థితిలో వారిని వుంచితే మీరూ పాత షావుకారే, బోర్డు మాత్రం కొత్తది.

సంఘానికి మా మనవి కూడా ఒకటి వుంది. ఏటా విద్యార్థులకు వేతనాలు, వితంతువులకు సహాయం, బీద పిల్లల పెళ్లిళ్లకు సాయం చేస్తున్నాం. సంతోషం. దానితో పాటు ఒక చిన్న నిధి విడిగా తీసి, రమజాను, పెళ్లిళ్ల రోజులకు ముందే పది ఇళ్ల ఆడవారికి ముడిసరుకు ఇప్పించి, తయారైన సరుకు లెక్కకట్టి అదే రోజు డబ్బు చెల్లించి, అమ్మే పూచీ చదువుకున్న మన పిల్లల మీద పెడితే బాగుంటుంది. లెక్కలు గోడ మీద అంటించాలి. లాభం వస్తే ఎవరి వాటా ఎంతో ముందే రాసుకోవాలి. నష్టం వస్తే అది నిధి భరించాలి, ఆ ఇళ్ల మీద పడకూడదు. పది ఇళ్లతో సాగితే మరుసటి ఏడు ఇరవై చేద్దాం. సాగకపోతే ఎక్కడ తెగిందో వెతుకుదాం. అంగడిలో తెగిందా, రంగులో తెగిందా, ముడిసరుకులో తెగిందా అని ఒక్కో మెట్టూ వెనక్కి పోయి చూడవలసిందే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. కొడుకో కూతురో ఇలాంటి పని పెట్టుకుంటానంటే, ‘ఇంత చదివించింది చీరలు మోయడానికా?’ అనకండి. దూది మూటలు మోసిన భుజాల మీదే మనం ఇంతవరకు వచ్చాం. ఆగస్టు 7న దేశమంతా జాతీయ చేనేత దినం జరుపుకుంటున్నారు, 2015 నుంచి అది నడుస్తోంది. ఆ రోజున ఉపన్యాసాలు వినడంతో సరిపెట్టుకోకుండా, ఇంట్లో ఒక బట్ట కొనేటప్పుడైనా ‘ఇది ఎవరు నేశారు, వారికి ఎంత ముట్టింది?’ అని దుకాణదారుణ్ణి అడగండి. ఆయనకు జవాబు తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు.